ఏడు మాత్రల డబ్బు, ప్రతి మధ్యమపు దెయ్యం

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పాత రాక్ బృందాల మీదా, వాటి గురించి ఈమధ్య వస్తున్న వార్తల మీదా ప్రశ్నలు రాయమని గత సంచికలో కోరినప్పుడు, బరంపురం నుంచీ పర్లాకిమిడి నుంచీ మహా అయితే నాలుగు ఉత్తరాలు వస్తాయనుకున్నాను. గుణుపురం, రాయగడ, జయపురం, ఛత్రపురం కూడా పలికాయి. ఒకే ప్రశ్నను ఇద్దరు ముగ్గురు అడిగినచోట ఒకరిదే ఉంచాను. మీకు నచ్చిన పది పాటలు చెప్పండి అని అడిగినవారు మన్నించాలి. ఆ జాబితా నాకే వారానికొకసారి మారిపోతూ ఉంటుంది.

ప్రశ్న: బీటిల్స్ చివరి పాట అంటూ 2023లో విడుదల చేసిన 'నౌ అండ్ దెన్'కు 2025లో గ్రామీ బహుమతి కూడా ఇచ్చారు. పాడిన జాన్ లెనన్ చనిపోయి అప్పటికే నలభై ఏళ్లు దాటింది. కృత్రిమ మేధతో చనిపోయినవారి గొంతు తయారుచేసి అమ్ముకోవడాన్ని మీవంటి అభిమానులు ఎలా సమర్థిస్తున్నారు?
— ఒక బ్యాంకు ఉద్యోగి, బరంపురం

జవాబు: అయ్యా, ఆ గొంతును ఎవరూ తయారుచేయలేదు, కడిగారంతే. లెనన్ ఆ పాటను 1970ల చివర్లో న్యూయార్క్‌లోని తన ఇంట్లో, పియానో ముందు కూర్చుని, మామూలు క్యాసెట్ మీద పాడి పెట్టుకున్నాడు. 1980 డిసెంబరు 8న ఆయన హత్యకు గురైన తర్వాత ఆ క్యాసెట్లు భార్య యోకో ఓనో దగ్గరే ఉండిపోయాయి; 1994లో ఆమె వాటిని పాల్ మెకార్ట్‌నీకి అప్పగించింది. మెకార్ట్‌నీతో సహా బృందంలో మిగిలిన ముగ్గురూ కలిసి అందులో రెండు పాటలను పూర్తిచేసి విడుదల చేశారు గానీ, ఈ మూడోదాన్ని 1995లో మొదలుపెట్టి వదిలేశారు. టేపులో కరెంటు రొద ఉంది, పియానో గొంతును మింగేస్తోంది, ఒకే టేపు మీద కలిసిపోయిన ఆ రెండింటినీ విడదీసే మార్గం అప్పట్లో ఎవరి దగ్గరా లేదు. పాలనూ నీళ్లనూ వేరుచేసే హంస గురించి మనం పద్యాల్లో చదువుకున్నాం కదా, 2021లో వచ్చిన బీటిల్స్ డాక్యుమెంటరీ కోసం దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం ఆ హంసను కంప్యూటరులో తయారుచేసింది. ఒక్కొక్క వాద్యం, ఒక్కొక్క గొంతు ఎలా ఉంటాయో దానికి నేర్పించి, కలగలిసిన టేపులోంచి దేనికది తీయించారు. అదే పద్ధతిలో లెనన్ గొంతు పియానో నుంచి విడిపోయి బయటికి వచ్చింది. జార్జ్ హారిసన్ 2001లోనే పోయినా, 1995లో ఆయన వాయించి పెట్టిన గిటార్‌ను వాడారు. రింగో స్టార్ డ్రమ్ములు కొత్తగా వాయించాడు. మెకార్ట్‌నీ హారిసన్ ఫణితిని గుర్తుచేసుకుంటూ స్లైడ్ గిటార్ మీద, అంటే తీగల మీద గొట్టం జారుస్తూ, ఒక చిన్న ముక్క వాయించాడు. నలుగురి చేతులూ నిజంగానే అందులో ఉన్నాయి.

అయితే నాకు అభ్యంతరం లేదని కాదు, అది యంత్రం మీద కాదు. లెనన్ క్యాసెట్‌లో పాట మధ్యలో ఒక మలుపు ఉంది, రాగం అక్కడ ఎటు పోవాలో తెలియనట్టు తడబడి, తిరిగి దారిలో పడుతుంది. విడుదలైన పాటలో ఆ భాగాన్ని కత్తిరించేశారు. చక్కగా నడవాలని చేశారనుకుంటాను గానీ, ఆ తడబాటులోనే నాకు లెనన్ ఎక్కువగా కనిపిస్తాడు. యంత్రం ఉన్నదున్నట్టు కడిగి ఇచ్చింది, కత్తెర పట్టింది మనిషి.

మీరు భయపడుతున్న సంగతి మరోచోట జరిగింది. 2025లో వెల్వెట్ సన్‌డౌన్ అనే పేరుతో 1970ల రాక్‌ను తలపించే పాటలు ఇంటర్నెట్‌లో పాటలు వినిపించే స్పాటిఫైలో కనిపించాయి, నెలకు 10 లక్షల మందికి పైగా విన్నారు, తీరా చూస్తే అటువంటి బృందమే లేదు. పాటలన్నీ కృత్రిమ మేధ సాయంతో చేసినవేనని ఆ పేరు పెట్టుకున్నవారే ఒప్పుకోవలసి వచ్చింది. నేనూ ఒకటి విన్నాను. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు, మర్నాటికి గుర్తుపెట్టుకోవడానికీ ఏమీ మిగల్లేదు.

ప్రశ్న: బీటిల్సా, రోలింగ్ స్టోన్సా? దాటవేయకుండా చెప్పండి.
— ఒక డిగ్రీ విద్యార్థి, రాయగడ

జవాబు: నా అలమరలో ఎక్కువగా ఉన్నవి బీటిల్స్ క్యాసెట్లు. ఎక్కువగా అరిగినవి స్టోన్స్ క్యాసెట్లు.

ప్రశ్న: మా అబ్బాయికి గిటార్ కొనిపెట్టాను. మూడు నెలల నుంచి పొద్దస్తమానం ఒకే ముక్క వాయిస్తున్నాడు. అది డీప్ పర్పుల్ వారి 'స్మోక్ ఆన్ ద వాటర్' అట. ప్రపంచంలో గిటార్ నేర్చుకునే ప్రతివాడూ దానితోనే ఎందుకు మొదలుపెడతాడు? ఇంతకీ వీడు సరిగానే వాయిస్తున్నాడా?
— ఒక గృహిణి, జయపురం

జవాబు: అమ్మా, ఆ ముక్కలో ఉన్న స్వరాలు నాలుగంటే నాలుగు. గిటార్ మెడ మీద చేయి ఎక్కువ దూరం జరగనవసరం లేదు, తప్పు పడితే వెంటనే చెవికి తెలిసిపోతుంది, సరిగ్గా పడితే పక్కింటివారు కూడా గుర్తుపడతారు. నేర్చుకునేవాడికి మొదటి వారంలోనే అంత గౌరవం దక్కించే పాట మరొకటి లేదు. దాని పుట్టుక కూడా పిల్లలకు చెప్పదగ్గదే. 1971 డిసెంబరులో ఆ బృందం ఆల్బమ్ రికార్డు చేసుకోవడానికి స్విట్జర్లాండ్‌లోని మోంత్రో పట్టణానికి వెళ్లింది. రికార్డింగు జరగవలసిన కాసినోలో అంతకు ముందు ఫ్రాంక్ జప్పా అనే అమెరికన్ రాక్ సంగీతకారుడి కచేరీ జరుగుతుండగా, ప్రేక్షకుల్లో ఎవరో నిప్పురవ్వల తుపాకీ పైకప్పు వైపు పేల్చారు, భవనమంతా తగలబడిపోయింది. సరస్సు మీద పరుచుకున్న ఆ పొగే పాట పేరు. పని చేసుకుందామని వచ్చిన చోటు కళ్లముందే కాలిపోతే, ఆ సంగతినే పాటగా కట్టి, ఖాళీగా ఉన్న ఒక హోటలులో మిగతా ఆల్బమ్‌ను పూర్తిచేసుకుని వెళ్లారు.

సరిగ్గా వాయిస్తున్నాడో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. మీ అబ్బాయి ప్లాస్టిక్ ముక్కతో ఒక్క తీగనే మీటుతున్నట్లయితే అది అసలు పద్ధతి కాదు. ఆ బృందం గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ ఆ ముక్కను పక్కపక్క తీగలు రెండింటిని వేళ్లతో ఒకేసారి లాగి వాయించాడు. ఆ రెండు తీగలూ కలిసి పలికినప్పుడే ఆ బరువు వస్తుంది.

ఇలా సలహాలు ఇస్తున్నాను గానీ నా సంగతి ఇంకా హీనం. గిరి రోడ్డులో ఒక క్యాసెట్ల దుకాణంలో సాయంత్రాలు కూర్చునే రోజుల్లో, దుకాణంలోని ప్లేయరు మీద విని ఈగిల్స్ వారి 'హోటల్ కాలిఫోర్నియా'ను స్వరం స్వరం పట్టుకుని ఏడాదిపాటు సాధన చేశాను. తర్వాత విశాఖపట్నంలో ఒక మిత్రుడి ఇంట్లో రికార్డుతో కలిపి వాయించబోతే ఒక్కటీ కలవలేదు, నాది ఒక స్వరస్థానం కిందికి ఉంది. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. వేగం ఆరు శాతం తగ్గితే చాలు, పాట మొత్తం ఒక స్వరస్థానం దిగిపోతుంది. దుకాణంలోని ప్లేయరు బెల్టు సాగిపోయి ఉందన్న సంగతి అప్పుడు తెలిసింది. ఇప్పటికీ అసలు శ్రుతిలో ఆ పాట వింటే ఎవరో తొందరపడి పాడుతున్నట్టే ఉంటుంది నాకు.

ప్రశ్న: మాది నేతపని ఇల్లు. లెడ్ జెప్లిన్ బృందం డ్రమ్మర్ జాన్ బాన్హమ్ గొప్పవాడని అందరూ రాస్తారు. డ్రమ్ములు కొట్టడంలో అంత గొప్పతనం ఏముంటుందో మావంటివారికి అర్థమయ్యేలా చెప్పగలరా?
— ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: మీకు చెప్పడం అందరికంటే సులువు. గుంట మగ్గం మీద కూర్చున్న మనిషిని గమనించండి. కాళ్లు కింద ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటాయి, ఒక చేయి తాడు లాగి అడ్డపోగు ఉన్న నాడెను అటూ ఇటూ పరిగెత్తిస్తుంది, రెండో చేయి ఆ పోగును, అంటే పేకను, నిలువు పోగుల పడుగులోకి కొడుతుంది. నాలుగు అవయవాలకూ నాలుగు పనులు, ఏదీ మరొకదాని కోసం ఆగదు, అయినా అన్నీ కలిసి ఒక్క చప్పుడుగా వినపడతాయి. డ్రమ్మర్ చేసేదీ ఇదే: కుడికాలు పెద్ద డ్రమ్మును తొక్కుతుంది, ఎడమకాలు తాళాలను మూసి తెరుస్తుంది, చేతులు రెండూ మిగతావాటి మీద తిరుగుతాయి. మా వెనక వీధిలో మగ్గాలు వరసగా నడిచిన రోజుల్లో, కళ్లు మూసుకుని వింటే ఏ ఇంటి చప్పుడు ఎవరిదో చెప్పగలిగేవాళ్లం. చేతిపని తెలిసినవారికి గతి తెలియకపోవడం ఉండదు.

బాన్హమ్‌ను వినాలంటే 1971లో వచ్చిన వారి నాలుగో ఆల్బమ్‌లోని చివరి పాట, 'వెన్ ద లెవీ బ్రేక్స్' వినండి. ఇంగ్లండు పల్లెటూరిలో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవంతిని అద్దెకు తీసుకుని అక్కడే రికార్డు చేసుకున్నారు. డ్రమ్ములను మెట్లున్న హాలులో అడుగున పెట్టారు, మైకులు రెండింటిని పై అంతస్తు నుంచి వేలాడదీశారు. డ్రమ్ము దగ్గర మైకు లేదు. కాబట్టి మీరు వినేది దెబ్బను మాత్రమే కాదు, ఆ దెబ్బ మూడంతస్తుల మెట్ల గోడలను తాకి వచ్చిన చప్పుడును. ఇంజనీరు ఆండీ జాన్స్ చేసిన ఈ పనికి పెద్ద స్టూడియో సామగ్రి కారణం కాదు, గోడలు కారణం. ఇక బాన్హమ్ దెబ్బ వెంట్రుకవాసి ఆలస్యంగా పడినట్టు ఉంటుంది, కొడతాడా కొట్టడా అని మన ఒళ్లు ముందుకు వంగేలోపు పడుతుంది. 1980 సెప్టెంబరు 25న 32 ఏళ్లకే అతను పోయాడు. ఆ డిసెంబరులోనే మిగిలిన ముగ్గురూ అతను లేకుండా సాగలేమని ప్రకటించి బృందాన్ని ముగించారు. పేరు నిలబెట్టుకోవడానికి కొత్త మనిషిని తెచ్చుకుని తిరిగే బృందాలు ఎన్నో ఉన్నప్పుడు, ఈ ఒక్క నిర్ణయానికే నేను వారికి నమస్కరిస్తాను. 2007లో లండన్‌లో ఒక్క రాత్రి కలిసినప్పుడు కూడా డ్రమ్ముల ముందు కూర్చున్నది అతని కొడుకు జేసన్.

ప్రశ్న: పదేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను. మా అన్నయ్య పింక్ ఫ్లాయిడ్ బృందం పాట 'మనీ' వినిపించి తాళం వేయమన్నాడు. ఆదితాళం వేయబోతే ప్రతిసారీ తప్పుతోంది. తప్పు నాదా, పాటదా?
— ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: తప్పు మీ అన్నయ్యది, ముందే చెప్పి ఉండవలసింది. ఆదితాళానికి ఎనిమిది మాత్రలు, ఆ పాట ఏడు మాత్రల్లో నడుస్తుంది. తకిట తకధిమి అని నోటితో అనుకుంటూ ఒక్కొక్క అక్షరాన్ని ఒక్కొక్క దెబ్బ మీద వేయండి. బేస్ గిటార్ వరస సరిగ్గా ఏడో అక్షరానికి పూర్తయి మళ్లీ మొదటికి వస్తుంది. ఏడు మాత్రల మిశ్ర చాపు తాళం వేసిన చేతికి ఇందులో కొత్తేమీ లేదు. పాశ్చాత్య రాక్‌లో నూటికి తొంభై పాటలు నాలుగు మాత్రల్లోనే ఉంటాయి కాబట్టి అక్కడివారికి అది వింత, మనకు అది పాఠంలో ఒక పుట. పాట మొదట్లో వినిపించే నాణేల గలగల, కాగితం చింపిన చప్పుడు, గల్లాపెట్టె మోత కూడా ఏడు ముక్కలే. ఇప్పటిలా కంప్యూటరులో కాదు, టేపును స్కేలుతో కొలిచి సమానమైన ముక్కలుగా కోసి, అంటించి, గుండ్రంగా తిప్పారు. మరి మీరు ఎక్కడ చిక్కుకుంటారో కూడా చెబుతాను. శాక్సఫోన్ వాయించినంతసేపూ ఏడే నడుస్తుంది, గిటార్ అందుకోగానే నాలుగుకు మారుతుంది, అది అయ్యాక మళ్లీ ఏడు. తాళం మార్చే చోట చేయి ఆపకుండా దాటగలిగితే మీ గురువుగారికి కూడా వినిపించండి, కోప్పడరు.

ఆ పాట ఉన్న 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' ఆల్బమ్ 1973 మార్చిలో వచ్చింది. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక ఆల్బమ్‌ల పట్టికలో 1988 వరకు మొత్తం 741 వారాలు కనిపించింది. మీకు నేను చెప్పదలచుకున్నది 'మనీ' కంటే దానికి ముందున్న పాట గురించి, 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై'. అందులో సాహిత్యం లేదు, నాలుగున్నర నిమిషాలకు పైగా ఉన్న పాటలో ఒక స్త్రీ గొంతు ఆలాపన చేస్తుంది, అంతే. ఆమె పేరు క్లేర్ టోరీ. కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్ కూర్చిన బాణీ వినిపించి, మాటలు వద్దని చెప్పి, మరణాన్ని మనసులో పెట్టుకుని ఏదో ఒకటి పాడమన్నారు. గొంతును మనిషిగా కాక వాద్యంగా అనుకుని పాడానని ఆమె తర్వాత చెప్పుకుంది. రెండున్నర సారులు పాడి, బాగా రాలేదేమోనని సిగ్గుపడి క్షమాపణ చెప్పి మరీ వెళ్లిపోయింది. మన సభల్లో రాగం తానం పల్లవి పాడేవారికి ఆ అరగంట రాగాలాపన మీద పేరూ ప్రఖ్యాతీ వస్తాయి. ఆమెకు వచ్చింది ఆదివారం పని కనుక రెట్టింపు కూలి, 30 పౌండ్లు. డబ్బును ఎగతాళి చేసే పాట పక్కనే ఈ లెక్క కూడా ఉందని చాలామందికి తెలియదు. ఆ ఆలాపన తాను అప్పటికప్పుడు కల్పించినది కాబట్టి తానూ స్వరకర్తనేనని ఆమె 2004లో దావా వేసింది, 2005లో రాజీ కుదిరింది, అప్పటి నుంచి ఆల్బమ్ మీద రైట్ పేరు పక్కన ఆమె పేరు కూడా వేస్తున్నారు. మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించి పాడినది, ఎవరిదన్న ప్రశ్న మీ తరగతిలో వచ్చినప్పుడు ఈ కథ చెప్పండి.

ప్రశ్న: బ్లాక్ సబ్బత్ బృందం గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ చనిపోయిన వార్త చూసి ఇంట్లో వారి పాటలు పెట్టుకున్నాను. మా అమ్మ అవి దెయ్యాల పాటలని, సంధ్యవేళ పెట్టవద్దని గొడవ. ఆమెకు ఏమని చెప్పాలి?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, గుణుపురం

జవాబు: సంధ్యవేళ అమ్మ చెప్పినట్టు విను. దీపం పెట్టాక, తీరిగ్గా ఉన్నప్పుడు ఆమెను కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పు. 1970 ఫిబ్రవరిలో వచ్చిన వారి మొదటి ఆల్బమ్‌లో మొదటి పాటలో గిటార్ మూడే మూడు మోతలు మోగుతుంది: ఒక స్వరం, దాని పై స్థాయి, అక్కడి నుంచి కిందికి దిగి మరో స్వరం. మొదటిది షడ్జమం, అంటే 'స' అనుకుంటే, మూడోది ప్రతి మధ్యమం, అంటే పై 'మ'. ఈ రెండు స్వరాల మధ్య దూరాన్ని పాశ్చాత్యులు సంగీతంలోని దెయ్యం అని పిలిచేవారు, వారి చెవికి అది కుదురులేనిదిగా తోచేది. మన ఇళ్లలో పెళ్లిచూపులకు వచ్చినవారి ముందు అమ్మాయిలు పాడే కల్యాణి రాగంలో ఉన్నది కూడా ఆ ప్రతి మధ్యమమే. మీ అమ్మగారు ఎన్నిసార్లు పాడి ఉంటారో అడుగు. అక్కడి దెయ్యం ఇక్కడ కల్యాణి అయింది. చుట్టూ ఏ స్వరాలు ఉన్నాయి, ఎంత నెమ్మదిగా, ఎంత గట్టిగా వాయించారు అన్నదాన్ని బట్టే భయమో మంగళమో తేలుతుంది.

ఆ గిటార్ వాయించిన టోనీ అయోమీ కథ ఇంకా చెప్పాలి. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. 17 ఏళ్ల వయసులో, ఉద్యోగం మానేస్తున్న రోజునే, యంత్రం కింద చేయి పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం కాబట్టి తీగలను నొక్కవలసింది ఆ కుడి వేళ్లతోనే. ఇక వాయించలేవన్నారు. అతను గిన్నెలు కడిగే సబ్బు ప్లాస్టిక్ సీసాను కరిగించి, వేలికి సరిపడా తొడుగులు చేసుకుని, వాటికి తోలు ముక్క అంటించుకుని మళ్లీ మొదలుపెట్టాడు. తొడుగు వేలికి తీగ స్పర్శ తెలియదు, గట్టిగా నొక్కితే నొప్పి; అందుకని సన్నని తీగలు వేసుకున్నాడు, తర్వాతి ఆల్బమ్‌లలో తీగలను వదులు చేసి శ్రుతి దించాడు. వదులైన తీగ లావుగా, బరువుగా మోగింది. ఇవాళ హెవీ మెటల్ అని ప్రపంచమంతా పిలిచే ఆ మోతకు ఒక ముఖ్య కారణం, ఒక కుర్రవాడు నొప్పి తగ్గించుకోవడానికి చేసుకున్న ఏర్పాటు.

ఓజీ చివరి కచేరీ 2025 జులై 5న, వారు నలుగురూ పెరిగిన ఆస్టన్ ప్రాంతంలోనే ఉన్న విలా పార్క్ మైదానంలో జరిగింది. పార్కిన్సన్ వ్యాధితో నిలబడలేక సింహాసనం వంటి కుర్చీలో కూర్చుని పాడాడు. మొదటి నలుగురూ ఒకే వేదిక మీదికి రావడం 2005 తర్వాత అదే మొదలు. పదిహేడు రోజులకు, జులై 22న, 76 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆ కచేరీలో గొంతు అక్కడక్కడా జారింది, దాన్ని దాచుకోలేదు. ఇటువంటి చోటే నాకు పాత బృందాల మీద గౌరవం.

ప్రశ్న: ఓయాసిస్ బృందం అన్నదమ్ములు మళ్లీ కలిశారు, కోల్డ్‌ప్లే బృందం ముంబయి వచ్చి వెళ్లింది. అప్పుచేసైనా ఒక్క కచేరీ చూడాలని ఉంది. చూడవచ్చా?
— ఒక ప్రైవేటు ఉపాధ్యాయుడు, ఛత్రపురం

జవాబు: అప్పు మాత్రం వద్దు. ఓయాసిస్ 2009లో పారిస్‌లో గొడవపడి విడిపోయి, 2024 ఆగస్టులో కలిసినట్టు ప్రకటించగానే టిక్కెట్ల కోసం జనం ఎగబడ్డారు. గిరాకీని బట్టి ధర దానంతట అదే పెరిగే పద్ధతి పెట్టడంతో, దాదాపు 150 పౌండ్లని చూసి క్యూలో నిలబడినవారికి తమ వంతు వచ్చేసరికి 350 దాటి కనిపించింది. కూరగాయల బజారులో కూడా మన ముందు నిలబడ్డవాడికి చెప్పిన ధరే మనకూ చెబుతారు. కోల్డ్‌ప్లే 2025 జనవరిలో నవీ ముంబయిలోనూ అహ్మదాబాదులోనూ పాడింది; మీ ఊరి నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో ముంబయికి దాదాపు ఒకటిన్నర రోజు ప్రయాణం, రానూపోనూ ఖర్చు, బస, సెలవులు లెక్క వేసుకోండి. ఆ డబ్బుతో మంచి స్పీకర్లు రెండు కొనుక్కుంటే పదేళ్లు వినవచ్చు. అంత చెప్పి, ఇది కూడా ఒప్పుకోవాలి: 2007లో ఐరన్ మెయిడెన్ అనే హెవీ మెటల్ బృందం మొదటిసారి మన దేశానికి, బెంగుళూరుకు వచ్చినప్పుడు ఖర్చుకు వెనకాడి వెళ్లలేదు, ఆ వెలితి ఇప్పటికీ ఉంది.

ప్రశ్న: క్వీన్ బృందం గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ భారతీయుడేనా?
— ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: పుట్టింది 1946లో జాంజిబార్‌లో, పార్సీ కుటుంబంలో, ఫరోఖ్ బల్సారాగా. ఎనిమిదేళ్ల వయసులో మహారాష్ట్రలోని పంచగనికి పంపితే అక్కడి బోర్డింగు స్కూల్లో చదువుకున్నాడు, తోటి విద్యార్థులతో కలిసి మొదటి బృందం కట్టింది అక్కడే, పియానో వాయించేవాడు. 1964లో కుటుంబం ఇంగ్లండు వెళ్లిపోయింది. భారతీయుడా కాదా అన్నది పాస్‌పోర్టు వ్యవహారం. అతను మొదటి బృందం కట్టిన ఊరు మాత్రం మన పడమటి కనుమల్లో ఉంది.

ప్రశ్న: మేము నలుగురం కలిసి బరంపురంలో ఒక బృందం పెట్టుకున్నాం, మేడ మీద సాధన చేస్తాం. తెలుగులో రాక్ పాట రాస్తే ఎక్కడో అతకడం లేదు. తెలుగు భాష రాక్‌కు పనికిరాదని మా డ్రమ్మర్ అంటున్నాడు. మా రికార్డింగు కూడా పంపుతున్నాం.
— నలుగురు మిత్రులు, బరంపురం

జవాబు: రికార్డింగు మూడుసార్లు విన్నాను. వాద్యాలు మీరు అనుకుంటున్నదానికంటే బాగున్నాయి, బేస్ వాయించే అబ్బాయికి చెవి ఉంది. మీ డ్రమ్మర్ మాటను మాత్రం ఒప్పుకోను. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ పాశ్చాత్యుల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను తీసుకుని, దానికి అయిదు తీగలు అమర్చుకుని త్యాగరాజ కృతులు వాయించినప్పుడు, ఈ వాద్యం మన సంగీతానికి పనికిరాదని పెదవి విరిచినవారు లేకపోలేదు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్ వంటి గిటారిస్టు ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని వాయించాడు. వాద్యం అటు నుంచి ఇటు రాగలిగినప్పుడు భాష ఇటు నుంచి అటు పోలేదా?

తెలుగు మాట చాలావరకు అచ్చుతో ముగుస్తుంది, మన పక్కింటి ఒడియా కూడా అంతే. ఆఖరి అచ్చును ఎంతసేపు కావాలంటే అంతసేపు సాగదీయవచ్చు, గిటార్ తీగ సాగినట్టు. ఇది రాక్‌కు వరమే. చిక్కు మరోచోట ఉంది. ఇంగ్లీషు మాటలో ఒక అక్షరం మీద ఊనిక పడుతుంది, మిగతావి నలిగిపోయినా ఫర్వాలేదు. అందుకే రెండో దెబ్బకూ నాలుగో దెబ్బకూ చిన్న డ్రమ్ము మీద గట్టిగా కొట్టే పద్ధతి ఆ భాషకు అతికినట్టు ఉంటుంది. తెలుగు లెక్క గురులఘువులది. లఘువును గురువు చేస్తే మాటే మారిపోతుంది. మీ పల్లవి చూడండి: 'వానొచ్చింది గోపాలపురం మీద'. మీ నాలుగో దెబ్బ సరిగ్గా 'పు' మీద పడుతోంది. దెబ్బ పడేసరికి గాయకుడు దాన్ని సాగదీయక తప్పలేదు, దాంతో తెలుగు గోపాలపురం కాస్తా 'గోపాల్‌పూర్' అయి కూర్చుంది. గుర్తుపట్టలేదా? రెండో నిమిషంలో మళ్లీ వినండి.

'వానొచ్చింది' తర్వాత ఒక దెబ్బ ఖాళీగా వదలండి, అక్కడ గిటార్ ఒక్కటే మోగనివ్వండి. అప్పుడు 'గో' ఒక దెబ్బ మీదికీ, 'రం' మరో దెబ్బ మీదికీ వస్తాయి. రెండూ గురువులే, ఎంత గట్టిగా కొట్టినా చెదరవు. మధ్యలో ఉన్న 'లపు' రెండూ గబగబా జారిపోతాయి, నిజానికి మనం మాట్లాడేటప్పుడు అనేదీ అలాగే. మార్చి పాడి మళ్లీ పంపండి. ఈసారి ఫోనును డ్రమ్ముల ముందు పెట్టవద్దు. మేడ మీద నుంచి దిగే మెట్లున్నాయి కదా, డ్రమ్ములను తలుపు దగ్గరికి జరిపి, ఫోనును కింది మలుపులో పెట్టి రికార్డు చేయండి.